దొర కత్తి దించాక ఏమయ్యాడు?

(చిలకలూరిపేటలో ఊళ్ళ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిరపకోతల రోజుల్లో ఒక పూట కూలి పోగొట్టుకుని ఇక్కడ కూర్చోవడం అంటే ఏంటో మాకు తెలుసు. అందుకని సోది లేకుండా విషయంలోకి వస్తాం.

ఈ మధ్య మన కుర్రాళ్ళు ఒక ప్రశ్న వేస్తున్నారు. "దొరలు ఎక్కడున్నారన్నా? జమీందార్లు పోయారు. కరణం, మునసబు పోయారు. సర్పంచి కుర్చీలో మనోడే కూర్చున్నాడు. ఇంకా ఎవరి మీద పోరాటం?" ఈ ప్రశ్న తప్పు కాదు. దీన్ని దాటేసి మనం ఏ ఊళ్ళోనూ మీటింగు పెట్టలేం. దీనికి జవాబు చెప్పాలంటే దొర అనేవాడి కథ మొదట్నుంచీ తెలియాలి. ఆ కథ మనూళ్ళోనే ఉంది. ఇంగ్లండులో కూడా ఉంది. రెండూ చెబుతాం.

ముందు మన పేట సంగతి. ఇక్కడ మానూరు వారి జమీ ఉండేది. కొండవీటి సీమలో లెక్కల కొలువు చేసి, ఆ లెక్కల పుస్తకం పట్టుకునే జమీందార్లయిన కుటుంబం అది. నరసరావుపేటలో మల్రాజు వారు. కృష్ణ ఒడ్డున చింతపల్లిలో, తర్వాత అమరావతిలో వాసిరెడ్డి వారు. వీళ్ళందరికీ కోటలు, ఏనుగులు, బంట్లు. శిస్తు వసూలు వాళ్ళదే, తగువు తీర్పు వాళ్ళదే, కొరడా వాళ్ళదే. పైన నవాబు ఎవరైనా, కింద కొట్టే చెయ్యి దొరదే. 1788లో గుంటూరు సీమ నిజాం చేతిలోంచి కుంపిణీ చేతికి వచ్చేనాటికి పరిస్థితి ఇదీ.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పేరు మన పిల్లలు బళ్ళో చదువుతారు. తులాభారం తూగాడని, గుళ్ళు కట్టించాడని, ధాత అని. ఆయన చెంచుల్ని భోజనానికి పిలిచి తలలు నరికించాడని, ఆ చోటికే నరుకుళ్ళపాడు అని పేరు వచ్చిందని జనం చెప్పుకునే కథ కూడా ఉంది. ఆ పాపం పోవడానికే గుళ్ళు కట్టించాడని అదే కథ చెబుతుంది. మనం గమనించాల్సింది ఒకటే. తలలు పోయినవాళ్ళకి ఊరిపేరు మిగిలింది, నరికించినవాడికి కీర్తి మిగిలింది.

ఇంకో సంగతి మన బౌద్ధులంతా తెలుసుకోవాలి. అమరావతిలో దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బ ఉండేది. నాయుడుగారు కొత్త ఊరు కట్టుకుంటూ ఇటుకలకి, రాళ్ళకి ఆ దిబ్బని తవ్వించాడు. లోపల ఉన్నది బుద్ధుడి మహాచైత్యం. 1797లో కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేటప్పటికే తవ్వకం మొదలైంది. శిల్పాలు చెక్కిన సున్నపురాతి పలకలు ఇళ్ళకి, చెరువు మెట్లకి పోయాయి. మిగిలినవాటిలో కొన్ని మద్రాసుకు, కొన్ని లండనుకు చేరాయి. మన తాత ముత్తాతల జ్ఞానం ఒక దొర మెట్ల కింద రాయి అయింది. ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగే హక్కు ఉన్న నోరే ఆ రోజు ఊళ్ళో లేదు.

సరే, ఇంత బలమున్న దొరని కుంపిణీ ఏం చేసింది? యుద్ధం చేసి చంపలేదు. 1802లో శాశ్వత పైసలా తెచ్చింది. ఏటా ఇంత పేష్కషు కట్టు, భూమి నీదే అంది. ఆ మాటతో పాటే పోలీసు తీసేసింది, న్యాయం తీసేసింది, బంట్లని రద్దు చేయించింది. ఏనుగు మీద తిరిగినవాడు కోర్టులో వకీలు వెనక నిలబడ్డాడు. వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోతే ఆయన దత్తపుత్రులిద్దరూ ఆస్తి కోసం కొట్టుకున్నారు, కత్తులతో కాదు, కాగితాలతో. ఆ దావా లండన్లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. తాత తూగిన బంగారం మనవళ్ళ కోర్టు ఖర్చులకి సరిపోలేదు.

1832–33లో నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అని కూడా అంటారు. అయిదు లక్షల జనం ఉన్న గుంటూరు సీమలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చచ్చిపోయారని లెక్కలు చెబుతున్నాయి. అంటే ముగ్గురిలో ఒకరు. ఆ చచ్చినవాళ్ళ కులాల లెక్క ఎవరూ రాయలేదు. కానీ ఇంట్లో గాదె లేనివాడు, ఊరిబావిలో చేద వెయ్యనివ్వనివాడు ముందు చచ్చాడని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ దెబ్బతో జమీలు లేవలేదు. బాకీలు పెరిగాయి. 1840లు సగం గడిచేసరికి మానూరు వారి జమీతో సహా గుంటూరు జమీలన్నీ బాకీల కింద సర్కారు పరమయ్యాయి. దొరలు పించను తినే మనుషులయ్యారు.

మరి దొర పోతే మనకేం వచ్చింది? ఇక్కడే ఆగి ఆలోచించాలి.

కుర్చీ ఖాళీగా ఉండదు. కోటలో దొర దిగిపోతుంటే కచేరీలో షిరస్తాదారు పైకి లేచాడు. ఊళ్ళో కరణం పైకి లేచాడు. కలెక్టరు దొరకి తెలుగు రాదు, లెక్క అర్థం కాదు. ఎవరి పొలం ఎంత, ఎవడి శిస్తు ఎంత, ఏది బంజరు, ఏది ఇనాము, అంతా కరణం దస్త్రంలో ఉంది. గుంటూరు జిల్లా మీద 1965లో పుస్తకం రాసిన అమెరికా చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్ అంతా ఇదే చూపించాడు. పైన సర్కారు ఉందని పేరు, కింద నడిపింది కచేరీ నుంచి ఊరి దాకా అల్లుకున్న ఉద్యోగ కుటుంబాల బంధుత్వం. కత్తి పోయి గంటం వచ్చింది. కొరడా దెబ్బకి వీపు మీద గుర్తు ఉంటుంది, నలుగురికీ చూపించొచ్చు. గంటం దెబ్బకి గుర్తు ఉండదు. మన పేరు దస్త్రంలో లేదని మనకి తెలిసేసరికి మూడు తరాలు గడిచిపోయాయి.

జమీలు పోయాక రైతువారీ వచ్చింది. పట్టాలు ఎవరికి? అరక ఉన్నవాడికి, కరణం రాసినవాడికి. మనం ఆ పొలాల్లోనే ఉన్నాం, పాలేర్లుగా. ఊరికి వెట్టివాళ్ళుగా ఉన్నాం, సర్కారు మూట మోసేవాళ్ళుగా, చచ్చిన గొడ్డుని లాగేవాళ్ళుగా. దస్త్రంలో ఆసామి ఉన్నాడు, పాలేరు లేడు.

ఇప్పుడు ఇంగ్లండు సంగతి. మన గుంటూరులో యాభై ఏళ్ళలో జరిగింది అక్కడ నూరేళ్ళు పట్టింది. కాలం మాత్రం మనకంటే మూడొందల ఏళ్ళు ముందు.

అక్కడ 1485లో హెన్రీ అనేవాడు బాస్‌వర్త్ అనే చోట యుద్ధం గెలిచి ఏడో హెన్రీ పేరుతో రాజయ్యాడు. ట్యూడర్ వంశం. అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా అక్కడి ప్రభువులు ఒకళ్ళనొకళ్ళు నరుక్కుంటున్నారు. ఒక్కో ప్రభువుకీ సొంత బంట్లు, ఆ బంట్లకి ప్రభువు గుర్తు కుట్టిన చొక్కా. ఆ చొక్కా వేసుకున్నవాడు ఊళ్ళో ఎవర్ని కొట్టినా కోర్టు అడగదు. మనకి కొత్తేం కాదు, పార్టీ కండువా వేసుకుని స్టేషనుకి పోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాం.

ఏడో హెన్రీ ఏం చేశాడంటే, బంట్లని పెట్టుకోవద్దని 1487లో, మళ్ళీ 1504లో చట్టాలు చేశాడు. చట్టం మీరితే జుల్మానా. అబెర్గవెనీ ప్రభువు 471 మందిని పెట్టుకున్నాడని 1507లో డెబ్బై వేల పౌండ్లకు పైగా జుల్మానా వేశాడు. అంత డబ్బు ఆ ప్రభువు జన్మలో కట్టలేడు. రాజుకి కావాల్సిందీ అదే. కట్టలేని బాకీ మెడలో ఉంటే మనిషి తలెత్తడు. ఆక్స్‌ఫర్డ్ ప్రభువు తన ఇంటికి రాజు విందుకొస్తే గౌరవంగా బంట్లని రెండు వరసలు నిలబెట్టాడట. రాజు భోంచేసి, బాగుందయ్యా అని, పోతూ పోతూ జుల్మానా వేశాడట. ఇది జరిగిందో లేదోనని చరిత్రకారులు సందేహిస్తారు గానీ, జనం నమ్మారంటే ఆ రాజు అలాంటివాడన్నమాట.

వాళ్ళని పూర్తిగా తీసేశారా? లేదు. 1509లో నలభై పైచిలుకు ప్రభువుల కుటుంబాలు ఉంటే, 1603లో ట్యూడర్ల కాలం ముగిసేనాటికి యాభై పైచిలుకు. లెక్క తగ్గలేదు, పని మారింది. తోక ఝాడించినవాడి తల పోయింది: 1521లో బకింగ్‌హామ్ ప్రభువు, 1572లో నార్‌ఫోక్ ప్రభువు. 1569లో ఉత్తరాది ప్రభువులిద్దరు తిరగబడితే ఒకడు పారిపోయాడు, ఒకడి తల తీశారు. తోక ముడుచుకున్నవాడికి కొలువులో చోటు దొరికింది.

ఆ కొలువు ఎలాంటిదో వినండి. ఎనిమిదో హెన్రీ దగ్గర "గ్రూమ్ ఆఫ్ ది స్టూల్" అనే ఉద్యోగం ఉండేది. రాజుగారు మరుగుదొడ్డికి పోతే పక్కన ఉండి సేవ చెయ్యడం ఆ ఉద్యోగం. నవ్వకండి. పెద్దింటి బిడ్డలు ఆ పనికి పోటీపడ్డారు. ఎందుకంటే రాజు ఒంటరిగా దొరికేది అక్కడే, చెవిలో మాట వేసేదీ అక్కడే. రాజుగారి సొంత ఖజానా కూడా వాళ్ళ చేతికే వచ్చింది.

మన దేశంలో ఈ పని చేసిన మన తల్లుల్ని అంటరానివాళ్ళన్నారు. నీడ పడితే స్నానం చేశారు. అక్కడ అదే పనికి బిరుదు, భూములు, ఖజానా తాళం. పని వల్ల మైల వస్తుందన్నది అబద్ధమని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? మైల పనిలో లేదు. ఆ పని ఎవడి చేత చేయించాలో నిర్ణయించే అధికారంలో ఉంది. మన దేశంలో పాకీ పని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోయింది మనవాళ్ళే.

ప్రభువులు కొలువుకి పోతే ఊళ్ళో వాళ్ళ కుర్చీ ఎవరెక్కారు? అక్కడి మోతుబర్లు. వాళ్ళకి రాజు శాంతి న్యాయాధికారి అని పదవి ఇచ్చాడు. జీతం లేదు, అధికారం ఉంది. 1536 నుంచి నాలుగేళ్ళలో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించి ఆ భూములు లాక్కుని అమ్మితే, కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఈ మోతుబర్లే. 1563లో ఎలిజబెత్ రాణి ఒక కూలి చట్టం చేసింది. ప్రతి జిల్లాలో కూలి ఎంతో ఈ న్యాయాధికారులే నిర్ణయిస్తారు. కనీస కూలి కాదు, గరిష్ఠ కూలి! అంతకంటే ఎక్కువ ఇచ్చిన ఆసామికి పది రోజులు జైలు, పుచ్చుకున్న కూలివాడికి ఇరవై ఒక్క రోజులు జైలు. కూలి పెట్టుకునేవాడే జడ్జీ. మన ఊళ్ళలో పత్తితీతకి, మిరపకోతకి ముందు నలుగురు ఆసాములు రచ్చబండ దగ్గర కూర్చుని, "ఈ ఏడు ఇంతే, పై ఊరి రేటు ఎవడూ ఇవ్వకూడదు" అని కట్టు పెడతారే, అదే ఇది. 1948 కనీస వేతనాల చట్టం మనకి ఉండీ ఆ రచ్చబండ ముందు చాలలేదు.

అక్కడ ఉన్నిబట్టకి గిరాకీ పెరిగింది. ఊరుమ్మడి బీళ్ళకి కంచెలు వేసి గొర్రెల్ని తోలారు. బీడు పోయినవాడు రోడ్డున పడ్డాడు. రోడ్డున పడ్డవాణ్ణి 1547లో ఒక చట్టం చేసి, ఛాతీ మీద వాతపెట్టి రెండేళ్ళు బానిసగా ఇచ్చెయ్యమన్నారు. ఆ చట్టం ఎక్కువకాలం నిలవలేదు, కానీ రాసిన చెయ్యి ఎలాంటిదో చూడండి. 1549లో నార్‌ఫోక్ రైతులు కంచెలు పీకారు. రాబర్ట్ కెట్ అనే భూమి ఉన్నవాడే వాళ్ళకి నాయకుడయ్యాడు, మొదట తన కంచె తనే పీకించి. అతన్ని ఉరి తీశారు.

వాళ్ళకి ఉన్ని, మనకి పత్తి. 1967లో సాగర్ కుడికాలువకి నీళ్ళు వచ్చాక ఈ సీమ భూమికి రేటు వచ్చింది. పొగాకు, పత్తి, మిరప. భూమికి రేటు వచ్చినప్పుడల్లా బంజరు మీద కన్ను పడింది, మన పేరున ఉన్న డి-ఫారం పట్టా మీద కన్ను పడింది. 1987లో తెల్లదోమ వచ్చి పత్తిరైతు పురుగుమందు తాగాడు. ఆ చావుల గురించి పేపర్లు రాశాయి, రాయాలి కూడా. కానీ ఆ రైతు దగ్గర కూలి బాకీ ఉండిపోయిన మన ఆడవాళ్ళ లెక్క ఏ పేపరూ రాయలేదు.

1984 జనవరిలో రామారావు గారు కరణం, మునసబు పదవులు రద్దు చేశాడు. మనం సంతోషించాం, అబద్ధం చెప్పం. గంటం కింద నలిగినవాళ్ళం. కానీ ఏడాదిన్నర తిరిగేసరికి 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు మాదిగలు. చంపింది జమీందారు కాదు, కరణం కాదు. కాలువనీళ్ళతో, కమర్షియల్ పంటతో, కొత్త రాజ్యాధికారంతో బలిసిన కులం. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. జమీందారు కుర్చీ, కరణం కుర్చీ రద్దయ్యాయి. ఆ కుర్చీల్లో ఉన్న పెత్తనం మాత్రం ఆయకట్టులోకి, మిల్లులోకి, కమీషను కొట్టులోకి, కాంట్రాక్టులోకి నడిచి పోయింది. కుర్రాళ్ళ ప్రశ్నకి ఇది సగం జవాబు.

మిగతా సగం చేదుగా ఉంటుంది. అది మన గురించే.

ఎలిజబెత్ రాణి ప్రభువుల్ని ఎలా కట్టేసిందో తెలుసా? ఇనాములతో. ఎసెక్స్ ప్రభువుకి తియ్యని సారాయి దిగుమతి మీద సుంకం వసూలు చేసుకునే హక్కు గుత్తకి ఇచ్చింది. అతను దాని మీదే బతికాడు, దాన్ని చూపించే అప్పులు చేశాడు. 1600లో గడువు అయిపోతే రాణి మళ్ళీ ఇవ్వలేదు. అంతే, అతని కాళ్ళ కింద నేల పోయింది. 1601లో తిరగబడితే లండన్ వీధుల్లో ఒక్కడూ వెంట రాలేదు. ఫిబ్రవరిలో తల పోయింది. ఎందుకు రాలేదు? అతని బలం జనంలో లేదు, రాణి సంతకంలో ఉంది.

ఇప్పుడు మన నామినేటెడ్ పోస్టుల్ని చూడండి. కార్పొరేషన్ చైర్మన్లు, డైరెక్టర్లు, మార్కెట్ యార్డు మెంబర్లు. రిజర్వుడు సీటు సర్పంచి ఉంటాడు, చెక్కు మీద సంతకం పెడతాడు, చెక్కుబుక్కు ఇంకొకరి బీరువాలో ఉంటుంది. మేం ఆ సర్పంచిని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఊళ్ళో పొలం వాళ్ళది, అప్పు వాళ్ళది, నిలబడమన్నది వాళ్ళే అయితే అతను ఏం చేస్తాడు? 1932లో పూనా ఒప్పందం దగ్గర బాబాసాహెబు భయపడింది దీనికే. మన సీటులో ఎవరు గెలవాలో మన ఓటు కాకుండా వాళ్ళ ఓటు తేలిస్తే, గెలిచినవాడు ఎవరి వైపు చూస్తాడు? ఆ బాబాసాహెబునే 1946లో బొంబాయి నుంచి రాజ్యాంగ సభకి పోనివ్వలేదు. జోగేంద్రనాథ్ మండల్, బెంగాల్ దళితులు నిలబడితే అక్కడి నుంచి వెళ్ళాడు.

ఇంకో రకం మనిషిని కూడా చూశాం. బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. కారంచేడు జరిగిన వెంటనే ఆ పదవి వదిలేసి బాధితుల వైపు వచ్చి నిలబడ్డారు. కారంచేడు జనం ఊరు వదిలి చీరాల వచ్చి శిబిరం పెట్టారు, దొర గుమ్మానికి మళ్ళీ పోలేదు. ఆ ఏడే సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. ఒక కొలువు వదిలిన మనిషి, ఒక ఊరు వదిలిన జనం, వాళ్ళ బలం ఎవరి సంతకంలోనూ లేదు.

పదవులు వద్దని మేం చెప్పం. వద్దనుకుంటే ఆ కుర్చీలో మళ్ళీ వాళ్ళే కూర్చుంటారు. పదవి తీసుకున్న మనిషి ఏడాదికి రెండుసార్లు పల్లెలో నేల మీద కూర్చుని, ఏం అడిగారు, ఏం చేశాను, ఎవరి మాట విన్నాను అని చెప్పాలి. చెప్పని మనిషికి వచ్చే ఎన్నికల్లో మన గోడ మీద బొమ్మ వెయ్యం. ఇది చాలామందికి నచ్చదు. మన దగ్గరివాళ్ళకే నచ్చదు. అయినా అడుగుతాం.

చివరగా భూమి. అసైన్డు భూమి అమ్మకూడదని, కొన్నా చెల్లదని 1977లో 9వ నెంబరు చట్టం వచ్చింది. మన పట్టా భూముల్లో వేరేవాళ్ళ అరక తిరుగుతున్నా, ఆ చట్టం పట్టుకుని వెనక్కి అడిగే దారి ఉండేది. 2023లో సవరణ చేసి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. మనకి పూర్తి హక్కు వచ్చిందని కొందరు పాలాభిషేకాలు చేశారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి, అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. ఈ రెండిటి మధ్య మీ ఊళ్ళో ఎవరి వేలిముద్ర ఎవరు వేయించుకున్నారు? ఎవరికి అడ్వాన్సు ఇచ్చి కాగితం రాయించుకున్నారు? అది మనకి కావాలి. అమ్ముకునే హక్కు మంచిదే. కానీ ఆసుపత్రి అప్పుతో, పిల్ల పెళ్ళి అప్పుతో మెడ వంగినవాడి చేతికి అమ్ముకునే హక్కు ఇస్తే ఎవరు కొంటారో అందరికీ తెలుసు. ఇంగ్లండు మఠాల భూమి ఎవరు కొన్నారో చెప్పాం కదా.

అందుకని భోజనాలయ్యాక మండలాలవారీగా కూర్చుందాం. నాదెండ్ల, యడ్లపాడు వాళ్ళు ఆ వేపచెట్టు వైపు, పేట మండలం వాళ్ళు ఇక్కడే. ఒక్కో ఊరికీ ఒక నోటుబుక్కు ఇస్తున్నాం. మన పేరున ఉన్న అసైన్డు పట్టా ఎవరిది, సర్వే నెంబరు ఎంత, ఎకరం సెంట్లు ఎన్ని, ఇప్పుడు దున్నుతున్నది ఎవరు, ఈ నాలుగే రాయండి. అడంగలు కాపీ దొరికితే దానికి అంటించండి. చదువుకున్న ఆడపిల్లలకి ఆ పుస్తకం అప్పజెప్పండి, మగాళ్ళ జేబులో పెడితే టీ కొట్లో మర్చిపోతారు. పదిహేను రోజుల్లో పుస్తకాలు వెనక్కి రావాలి.